ఫ్రాన్సిస్కను సోదరులు

ఇటలీ దేశపు నడిమి భాగమున కొండవాలుపై అస్సీసీ యను పట్టణము కలదు. అచ్చటి వస్త్రవర్తకులలో పియెత్రో బెర్నార్దోనె యను ధనవంతు డొకడుండెను. ఆతని కుమారుడు ఫ్రాన్సిస్ 1181లోనో 1182లోనో జన్మించెను. యౌవనమున ఆతడు విందులయందును, విలువగల దుస్తులయందును ప్రీతి కలవాడు. 1202లో పెరూజియా నగరముతో జరిగిన యుద్ధమున పట్టుబడి, సుమారొక యేడు చెరసాలలో నుండెను. పిమ్మట జబ్బుపడెను. ఆ కష్టములు ఆతని మనస్సును మార్చెను. కుష్ఠరోగులకు సేవ చేయసాగెను. శిథిలమైన చర్చిని బాగుచేయుటకై తండ్రి వస్త్రములను విక్రయించెను. తండ్రి కోపించి బిషప్పు నెదుట మొరపెట్టగా, ఫ్రాన్సిస్ తాను ధరించిన దుస్తులను సైతము విప్పి తండ్రి కొప్పగించెను.

అంతకు పూర్వమే యూరపులో సన్న్యాసులు పెక్కురుండిరి. కాని వారు మఠములయందు నివసించుచుండిరి. ఆ మఠములకు విశాలమైన భూములుండెను. ఫ్రాన్సిస్ మార్గము వేరు. వర్తకము పెరిగి పట్టణములు విస్తరించుచున్న దినములవి. ధనికుల మేడల చెంతనే దరిద్రులును పెరుగుచుండిరి. అట్టి వీధులలో తిరిగి, ప్రజలు మాటాడు భాషలో బోధింపవలెనని ఆతని తలంపు. 1209లో కొలదిమంది సహచరులతో రోమునకు పోయి, మూడవ ఇన్నోసెంటు పోపు అనుమతి పొందెను. ఇల్లుగాని భూమిగాని తమదిగా నుండరాదు; నాణెములను ముట్టరాదు; చేతిపని చేసికొని బ్రదుకవలెను; అది చాలనిచో భిక్షమెత్తవలెను. ఇవి వారి నియమములు. పదేండ్లు గడచుసరికి ఆ ‘చిన్న సోదరుల’ సంఖ్య వేలకు పెరిగెను.

1217లో ఆల్ప్సు పర్వతముల కావలి దేశములకును సోదరులను పంప నిశ్చయించిరి. జర్మనీకి పోయిన మొదటి జట్టునకు ఆ దేశభాష రాదు. భోజనము, వసతి కావలెనా యని జనులడుగగా, వారు ‘యా’ అనిరి. ఆ మాటకు ‘అవును’ అని యర్థము. వెంటనే భోజనము దొరకెను. ఇదేదో మంచి మాటయని తలచి, వారు ప్రతి ప్రశ్నకును అదే సమాధానము చెప్పసాగిరి. మీరు మతద్రోహులా యని యడిగినప్పుడును ‘యా’ అనిరి! జనులు వారిని కొట్టి, కొందరిని చెరసాలలో పెట్టి, తరిమివేసిరి. ఈ వృత్తాంతమును జోర్డాను అను సోదరుడే పిమ్మట వ్రాసియుంచెను. 1221లో రెండవ జట్టు బయలుదేరినప్పుడు జర్మను దేశీయుడైన సీజరు దానికి నాయకుడయ్యెను. ఈ పర్యాయము వారచ్చట స్థిరపడిరి. త్యాగ మొక్కటియే చాలదనియు, ఎదుటివాని భాష నేర్వవలెననియు వారికి బోధపడెను.

ఇంతలో, 1219లో, ఈజిప్టులోని దమియెత్తా నగరము వద్ద క్రూసేడు సైన్యములకును, సుల్తాను అల్ కామిల్ సైన్యములకును ఘోరయుద్ధము జరుగుచుండెను. ఫ్రాన్సిస్ ఆయుధము లేకుండ సుల్తాను శిబిరమునకు పోయెను. సుల్తాను మతము మారలేదు. కాని ఆతని మాటలను మర్యాదతో విని, క్షేమముగా పంపివేసెను.

జర్మనీకి పోయిన రెండవ జట్టులో కార్పినీ జాన్ అను సోదరుడుండెను. 1245లో నాలుగవ ఇన్నోసెంటు పోపు ఆతనిని మంగోలుల యొద్దకు పంపెను. అప్పటికి ఆతనికి అరువదేండ్లు దాటెను. మరుసటియేడు ఆతడు గుయుక్ ఖాను పట్టాభిషేకమును చూచెను. పోపే స్వయముగా వచ్చి లొంగవలెనని ఖాను జాబిచ్చెను. సంధి కుదరకున్నను, మంగోలుల ఆచారములను గూర్చి జాన్ వ్రాసిన గ్రంథము యూరపునకు క్రొత్త లోకమును చూపెను.

మరియొక సోదరుడు మాంటెకొర్వినో జాన్. ఆతడు 1289లో ఇటలీ నుండి బయలుదేరి, పారసీకము మీదుగా 1291లో మన దేశమునకు వచ్చెను. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు రాజ్యమేలుచున్న కాలమది. తూర్పుతీరమున, మైలాపూరు ప్రాంతమున, పదమూడు నెలలుండి, చైనాకు పోయెను. నేటి బీజింగు నగరమే నాటి ఖాన్‌బాలిక్. పండ్రెండేండ్లుగా తనకు రోము వార్తలే తెలియలేదని 1305లో ఆతడచ్చటినుండి లేఖ వ్రాసెను. తాతారుల భాషను, లిపిని నేర్చి, క్రొత్త నిబంధనను ఆ భాషలోనికి అనువదించెను. 1307లో ఆతనిని ఆర్చిబిషప్పుగా నియమించిరి. 1368లో మంగోలుల ప్రభుత్వము కూలిన పిమ్మట ఆ సంఘము చైనాలో అంతరించెను.

ఇట్లు సంఘము పెరిగినకొలది ఒక చిక్కు పుట్టెను. పదిమంది ఊరూర తిరిగి బ్రదుకవచ్చును. వేలమందికి ఇండ్లు వలదా? బోధకులకు గ్రంథములు వలదా? 1226లో ఫ్రాన్సిస్ మరణించెను. రెండేండ్లకే ఆతని పేర అస్సీసీలో గొప్ప దేవాలయమును కట్టనారంభించిరి. ఇండ్లను సోదరులు వాడుకొందురు గాని, యాజమాన్యము పోపుది యని ఒక ఏర్పాటు చేసిరి. ఇది నియమమును వంచించుటయే యని కొందరు సోదరులు ఎదిరించిరి. ఆ వివాదమున 1318లో మార్సేలు నగరమునందు నలుగురు సోదరులను సజీవముగా దహించిరి. పేదరికమును కోరినందుకు ప్రాణములనే కోల్పోవలసివచ్చెను! తుదకు 1517లో సంఘము రెండు శాఖలయ్యెను. 1528లో కపుచినులను మూడవ శాఖ వెలసెను. ఆ మూడును నేటికిని కలవు.

రిక్తహస్తులై బయలుదేరుట సులభము కాదు. పెరిగిన పిమ్మట రిక్తహస్తులై యుండుట అంతకంటె కష్టము. ఏ సంఘమైనను పెద్దదైనప్పుడు, తాను దేనికొరకు పుట్టినదో తన్ను తానే యడుగుకొనవలెను.