చిన్న కంప్యూటర్‌లో పాటల పెట్టె

బదిలీపై నోయిడా వచ్చాక సీడీ ప్లేయరు మూలపడింది. అమ్మ దాచుకున్న బాలమురళీకృష్ణ, ఘంటసాల సీడీల కోసం అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై 4 కొన్నాను. మెమరీ కార్డులో వాల్యూమియో ఎక్కిస్తే మానిటరు అక్కర్లేదు, ఫోన్‌లోంచే పాట ఎంచుకోవచ్చు.

ముందుగా ల్యాప్‌టాప్‌లో సీడీలను ఎంపీ3గా కాక ఫ్లాక్‌గా మార్చుకోండి. సీడీలో సెకనుకు 44,100 నమూనాలుంటాయి. ఒక్కటీ పోకుండానే ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది. బోర్డు మీది హెడ్‌ఫోన్ జాక్ మాత్రం నాసిరకం. తంబురా శ్రుతిలోనే తేడా తెలిసిపోతుంది. అంకెలను ధ్వనిగా మార్చే యూఎస్‌బీ డాక్ విడిగా కొని యాంప్లిఫయరుకు కలపండి. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా కార్డు పాడయ్యే ప్రమాదముంది. అందుకే పాటలు పెన్‌డ్రైవ్‌లో ఉంచాను, ఇంకో నకలు బీరువాలో ఉంది. బ్యాంకు వాళ్లకు బ్యాకప్ గురించి వేరే చెప్పాలా!