బిడ్డ కూర్చుంది – ఇల్లు సర్దుదాం

అక్కలారా! బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం. అడుగులు వేస్తే అరిసెలు పంచుతాం. మరి బిడ్డ కూర్చున్న నాడు ఏం చేయాలి? ఇల్లు సర్దాలి.

4 నెలలకు బిడ్డ మెడ నిలుస్తుంది. 6 నెలలకు ఆసరా ఇస్తే కూర్చుంటుంది. 9 నెలల లోపు చాలామంది పిల్లలు ఆసరా లేకుండానే కూర్చుంటారు. తొందరపడకండి. మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి. పక్కనే ఉండండి. మెడ, నడుము గట్టిపడతాయి.

కూర్చున్న బిడ్డకు చేతులు ఖాళీ. ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. చింతగింజ, శనగగింజ, రూపాయి బిళ్ళ గొంతులో అడ్డం పడితే ఊపిరి ఆడదు. అన్నీ పైన పెట్టండి.

నేల మీద బొంత పరిచి కూర్చోబెట్టండి. మంచం మీద వద్దు. "చుట్టూ దిండ్లు పెట్టానుగా!" అంటారు కొందరు. దిండు బిడ్డను ఆపదు.

బకెట్‌లో నీళ్ళు ఉంచకండి. బెత్తెడు నీళ్ళు చాలు, పసిప్రాణం పోవడానికి. పొయ్యి దగ్గరికి పోనివ్వకండి.

9 నెలలు నిండినా కూర్చోలేదా? "అదే కూర్చుంటుందిలే" అని ఊరుకోకండి. ఏ.ఎన్.ఎం. గారికి చూపించండి.

చేయండి: మీ ఇంట్లో నేల మీద కూర్చోండి. చేతికి ఏమేమి అందుతున్నాయి? వాటి పేర్లు రాయండి.