కౌన్సెలర్‌ని ఎంచుకునే ముందు

సింధూ,

నిద్ర పట్టడం లేదని, పుస్తకం తెరిస్తే గుండె దడ వస్తోందని రాశావు. ఎవరికైనా చూపించుకోవాలనుకోవడం మంచి పనే తల్లీ. ముందు ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకో. ఒక్కోసారి దాని వల్ల కూడా దడ, నిద్రలేమి వస్తాయి.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యం చదివిన డాక్టరు. అవసరమైతే మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో, సాధనతో నయం చేస్తారు. వాళ్లకి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు నంబరు ఉండాలి, అడిగి తెలుసుకో. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం నాలుగు వారాల కోర్సు చేసినవాళ్లూ పెట్టేస్తున్నారు. అందుకే ఫోన్‌లోనే అడుగు: ఏం చదివారు, ఎవరి దగ్గర శిక్షణ పొందారు, పరీక్షల భయంతో వచ్చిన పిల్లల్ని చూశారా, సిట్టింగ్‌కి ఎంత తీసుకుంటారు? ఈ ప్రశ్నలకి విసుక్కునే మనిషి దగ్గరికి వెళ్లనే వద్దు.

తెలుగు బాగా వచ్చినవాళ్లయితే మేలు. నిన్ను గుచ్చిన మాటలు తెలుగులోనే కదా అన్నారు, వాటిని ఉన్నదున్నట్టు చెప్పగలగాలి.

వాళ్లు నీకు సరిపడతారా అన్న అసలు సంగతి రెండు మూడు సిట్టింగుల తర్వాతే తెలుస్తుంది. ఇంటికొచ్చాక, ఇవాళ ఏది చెప్పకుండా దాచానా అని ఆలోచించుకో. కొత్త మనిషని దాచావా, ఫరవాలేదు. తిడతారనో, మీ నాన్నకి చెప్పేస్తారనో దాచావా, వేరేవాళ్లని చూసుకో. నువ్వు చెప్పింది గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. పెళ్లయితే అదే సర్దుకుంటుందనేవాళ్లనీ, మూడు సిట్టింగుల్లో పూర్తిగా నయం చేస్తామనేవాళ్లనీ నమ్మకు.

అలాగని కష్టంగా అనిపించగానే మానెయ్యకు. భయపడే పనినే కొంచెం కొంచెంగా చేయిస్తారు, ఇంటికి పని ఇస్తారు. మాక్ టెస్ట్ రాసి రమ్మంటే ఏడుపు రావచ్చు. అది చికిత్సలో భాగమే. నిన్ను చులకన చేస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

డబ్బు గురించి బెంగ వద్దు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. ఆ పేరు చెప్పి వెక్కిరించే లోకాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ ఉన్నది చదువుకున్న డాక్టర్లు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఈ వెతుకులాటంతా పక్కన పెట్టి వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్ అనే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. రాత్రయినా పగలైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ తర్వాత నాకు చెయ్యి, ఏ వేళైనా సరే.

మొదటిసారికి తోడు కావాలంటే చెప్పు, వస్తాను. లోపల ఏం మాట్లాడావో అడగను.

మీ పెద్దమ్మ