గోదావరి లోయ రాక్షసబల్లి ముందు పిల్లలతో ఒక పూట

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా మద్దేడ్ నుంచి హైదరాబాద్‌కు దూరం ఎక్కువే అయినా దారి సూటిగానే ఉంటుంది. భోపాలపట్నం చేరి 163వ జాతీయ రహదారి పట్టుకుంటే తార్లగూడ మీదుగా తెలంగాణలోకి, ముల్లకట్ట దగ్గర గోదావరి దాటి ఏటూరునాగారం, ములుగు, వరంగల్. చుట్టాల ఇంటికో, ఆసుపత్రి పని మీదో పిల్లలతో నగరానికి వచ్చే సరిహద్దు కుటుంబాలకు ఒక పూట ఖాళీ దొరికితే చూడదగ్గ చోటు నౌబత్ పహాడ్ మీది బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడి డైనోసార్ విభాగంలో నిలబెట్టిన అస్థిపంజరం ఒక రకంగా వాళ్ల ఊరి పక్కదే. ఇంద్రావతి, ప్రాణహిత, గోదావరి కలిసే ఆ ప్రాంతపు రాళ్లలోంచే అది బయటపడింది.

దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరులోనే రెండు ఊళ్లున్నాయి. ప్రాణహిత ఎడమ ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో కోటా అనే గ్రామం ఉంది. ఆ ఊరి పేరుతోనే అక్కడి జురాసిక్ కాలపు శిలలను 'కోటా శిలాశ్రేణి' అంటారు. 19వ శతాబ్దంలోనే ఈ రాళ్లలో చేపల శిలాజాలు దొరికాయి. రెండో ఊరు, అవతలి ఒడ్డు వైపు, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 1970ల చివర్లో అక్కడ తవ్వకాలు జరిపి సుమారు 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 ఎముకల భాగాలు సేకరించింది. అవి కనీసం 12 జంతువులవని తేలింది. సంస్థ శాస్త్రవేత్త పి.ఎం. యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టి, 2001లో పూర్తి వర్ణన ప్రచురించారు.

పిల్లలు దీని ముందు నిలబడగానే అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "నాన్నా, ఇది నిజం ఎముకేనా?"

"అవును" అనేసి ముందుకు నడిస్తే సగం సంగతి పోతుంది. జంతువు చచ్చి ఇసుకలో, ఒండ్రులో కూరుకుపోయాక మెత్తని భాగాలు కుళ్లిపోతాయి. ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి భూగర్భజలం చేరి, తనలో కరిగి ఉన్న ఖనిజాలను అక్కడ వదిలిపెడుతుంది. స్పాంజికి సిమెంటు నీళ్లు పట్టించి ఆరబెట్టినట్టు ఊహించుకోవచ్చు. ఆకారం స్పాంజిది, బరువు రాయిది. అందుకే శిలాజ ఎముక అదే పరిమాణంలోని పశువు ఎముక కంటే చేతికి బరువుగా తగులుతుంది. కాబట్టి పిల్లవాడికి చెప్పదగ్గ జవాబు "ఎముకే, కానీ రాయి నిండిన ఎముక".

ఈ జవాబుకు ఇంకో కొస ఉంది. తవ్వకాల్లో కోటాసారస్ పుర్రె దొరకలేదు. చెంచా ఆకారపు పళ్లు రెండు మాత్రం దొరికాయి. అస్థిపంజరం మీద కనిపించే తల, దగ్గరి జాతులను చూసి ఊహించి చేసిన నమూనా. మిగతా ఒళ్లు కూడా ఒక్క జంతువుది కాదు, పలు జంతువుల ఎముకలను కూర్చి నిలబెట్టారు. మ్యూజియం లెక్కలో దీని పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. కొందరు పరిశోధకుల అంచనాలో పొడవు 9 మీటర్లే, అంటే సుమారు 30 అడుగులు. తల లేని, పలు ఒళ్ల నుంచి కూర్చిన జంతువుకు కొలత వేస్తే ఇలాంటి తేడాలు వస్తాయి. పదేళ్ల పిల్లకు ఈ విషయం దాచాల్సిన పని లేదు. "44 అడుగులు" అని వల్లె వేయించడం కంటే, శాస్త్రవేత్తలు ఎక్కడ కొలిచారో, ఎక్కడ ఊహించారో వేలుతో చూపించడమే మేలు.

ఇక కాళ్లు. స్తంభాల్లా తిన్నగా ఉంటాయి. ఎందుకో చెప్పడానికి లూడో పాచికలు చాలు. ఒక పాచికకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేయాలంటే ఎనిమిది పాచికలు పేర్చాలి. బరువు ఎనిమిదింతలు అయింది. నేలను ఆనేవి మాత్రం నాలుగే, అంటే ఒక్కో అడుగు పాచిక మీద భారం రెండింతలు. జంతువూ అంతే. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, కాలి ఎముక అడ్డుకోత నాలుగు రెట్లే. ఆ భారం మోయాలంటే ఎముక ఇంకా లావెక్కాలి, కాలు వంగకుండా నిలబడాలి. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో చెప్పిన సంగతి ఇది. మేకపిల్ల కాళ్లకూ ఏనుగు కాళ్లకూ తేడా చూసిన పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది.

అయితే ఈ మాటలన్నీ ఏ పిల్లలకు అందుతున్నాయి? అమెరికాలోని శాన్‌హోసేలో ఒక పిల్లల మ్యూజియంలో కెవిన్ క్రౌలీ బృందం తల్లిదండ్రులు, పిల్లల మధ్య సంభాషణలను రికార్డు చేసి పరిశీలించింది. పిల్లల వయసు ఒకటి నుంచి ఎనిమిదేళ్లు. 2001లో వెలువడిన ఫలితం ఇది: ప్రదర్శన ఎందుకలా పనిచేస్తుందో మగపిల్లలకు వివరించడం ఆడపిల్లలకు వివరించినదానికి దాదాపు మూడు రెట్లు ఎక్కువ. దాన్ని ఎలా వాడాలో, ఏం కనిపిస్తుందో చెప్పడంలో మాత్రం పెద్ద తేడా లేదు. అంటే "ఈ మీట నొక్కు" అన్నది ఇద్దరికీ అందింది. "ఎందుకంటే" అన్నది ఎక్కువగా అబ్బాయికే అందింది. తండ్రులే కాదు, తల్లులూ అలాగే చేశారు. మన దగ్గర పరిస్థితి మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి కారణం కనిపించదు.

క్రౌలీ, సాషా పామ్‌క్విస్ట్‌తో కలిసి 2007లో ప్రచురించిన మరో అధ్యయనం డైనోసార్ల హాలులోనే జరిగింది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లో డైనోసార్ల గురించి బాగా తెలిసినవారు ఉంటే, వాళ్ల తల్లిదండ్రులు నేర్పడం మానేసి పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు. "దీని పేరేంటి? అదేంటి?" పిల్లాడు టకటకా చెబుతాడు, పెద్దలు మురిసిపోతారు, కొత్తగా తెలిసేది మాత్రం తక్కువ.

మద్దేడ్ వైపు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు హిందీ. చాలామందికి వచ్చిన లిపి దేవనాగరి. మ్యూజియంలో తెలుగు పలక ఉన్నా వాళ్ల చెవికి తెలిసిన భాష కంటికి తెలియదు. అక్కడ చదివి చెప్పే పెద్దవాళ్లే పిల్లలకు దిక్కు. చదవడం రాని అమ్మమ్మ వెంట ఉన్నా నష్టం లేదు. ప్రాణహిత ఎటు పారుతుందో, ఏ ఒడ్డున ఎర్రరాయి ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ రాళ్ల పొరల్లోనే ఈ ఎముకలు దొరికాయని మనవరాలికి ఆమే చెప్పగలదు.

తిరుగు ప్రయాణంలో మంచిర్యాల, చెన్నూరు మీదుగా 63వ జాతీయ రహదారి పట్టుకుంటే సిరోంచ తగులుతుంది. ఆ తాలూకాలోని పోచంపల్లి దగ్గర కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు తవ్వింది. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, నిలబడ్డ మనిషంత. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. 'బారా పా' అంటే పెద్ద కాలు. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. సిరోంచ దగ్గర వడధాంలో మహారాష్ట్ర అటవీశాఖ శిలాజ ఉద్యానం ఉంది. అక్కడ పిల్లలు రాయిగా మారిన చెట్టు కాండాలను చూడొచ్చు. చిన్న ముక్కైనా జేబులో వేసుకోనివ్వకూడదు, ఎందుకంటే దొరికిన చోటు తెలియకపోతే ఆ ముక్కలోని సమాచారం చాలావరకు పోయినట్టే. బారాపాసారస్ పూర్తి పుర్రె కూడా ఇంతవరకు దొరకలేదు.