పామును చేతబట్టి పాఠం చెప్పే కొలువు

2016 సెప్టెంబరు 26న అమెరికాలోని అట్లాంటా బొటానికల్ గార్డెన్‌లో ఒక చెట్టుకప్ప చనిపోయింది. పేరు టఫీ. పనామా అడవుల మీదికి ఫంగస్ రోగం ముంచుకొస్తుంటే, ముందుజాగ్రత్తగా శాస్త్రవేత్తలు 2005లో పట్టి తెచ్చిన కప్పల్లో అదొకటి. ఆ జాతిలో మనిషికి తెలిసిన చిట్టచివరి ప్రాణి కూడా అదే. దాని బాగోగులు చూసిన మార్క్ మాండికా అదే ఏడాది భార్య క్రిస్టల్‌తో కలిసి అట్లాంటాలో యాంఫిబియన్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. అంతరించిపోతున్న సాలమాండర్లను పెంచి కాపాడటం ఆ సంస్థకు ఒక పని. బతికున్న కప్పలను, పాములను జనానికి దగ్గరగా చూపించి వాటి గురించి చెప్పడం ఇంకో పని.

ఈ రెండో పని చేసేవాళ్లకు నేచురలిస్ట్, ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేటర్, యానిమల్ కీపర్ లాంటి పేర్లతో అమెరికాలో ఉద్యోగాలున్నాయి. జీతాలు సాఫ్ట్‌వేర్ కొలువులతో పోల్చదగ్గవి కావు. ఆ సంగతి ముందే తెలుసుకుని రావడం మంచిది.

ఇలా జనం ముందుకు తెచ్చే జీవాలను అంబాసిడర్ యానిమల్స్ అంటారు. కారు కింద పడి డొప్ప పగిలిన బాక్స్ తాబేలు, యజమానికి మోజు తీరాక వదిలేసిన బాల్ పైథాన్, మనుషుల మధ్యే పుట్టి పెరిగిన కార్న్ స్నేక్... ఎక్కువగా ఇలాంటివే. అట్లాంటా శివారు రాస్‌వెల్‌లో 1976 నుంచి నడుస్తున్న చాటహూచీ నేచర్ సెంటర్‌కు సొంతంగా వన్యప్రాణి క్లినిక్ ఉంది. గాయం మానినా అడవిలో బతకలేని ప్రాణులు పాఠాలు చెప్పడానికి తోడొస్తాయి. కార్న్ స్నేక్ అన్నిచోట్లా కనిపించడానికీ కారణముంది. దానికి విషం లేదు, కోపం తక్కువ, ఎర్రటి మచ్చలతో చూడముచ్చటగా ఉంటుంది.

పిల్లల ముందు పామును పట్టుకుని నిలబడేది కొద్దిసేపే. ఉద్యోగమంతా దాని వెనకే ఉంది. పొద్దున్నే తొట్టెలు కడగాలి, పెంట ఎత్తాలి, ఫ్రీజర్‌లోంచి తీసిన ఎలుకలను కరిగించి వెచ్చబెట్టాలి. పాము తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకోలేదు, చోటు మారుతూ సర్దుకుంటుంది. కాబట్టి తొట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. తాబేలుకు యూవీ దీపం లేకపోతే క్యాల్షియం ఒంటబట్టక డొప్ప మెత్తబడుతుంది. మేత తిన్న పామును రెండు రోజులదాకా ఎత్తకూడదు, ఎత్తితే కక్కేసే ప్రమాదముంది. కళ్లు పాలరంగుకు తిరిగితే కుబుసం విడిచే వేళ దగ్గరపడ్డట్టే. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, చిరాకుగా ఉంటుంది, అందుకే ఆ రోజుల్లో దానికి సెలవు. బరువు, తిండి, కుబుసం, జనం మధ్య గడిపిన సమయం అన్నీ రిజిస్టరులోకి ఎక్కాల్సిందే. రాతకోతలకు బద్ధకించేవాళ్లు ఈ రంగంలో నిలవడం కష్టం.

కప్పలు, సాలమాండర్ల దగ్గర జాగ్రత్త ఇంకో రకం. వాటి చర్మం నీటినీ ప్రాణవాయువునూ పీల్చుకుంటుంది, మన చేతికున్న లోషన్, శానిటైజర్ కూడా అదే దారిన లోపలికి పోతాయి. అందుకే టైగర్ సాలమాండర్‌ను తడి నాచు పరిచిన అద్దంలాంటి డబ్బాలో ఉంచి చూపిస్తారు. పట్టుకోక తప్పకపోతే క్లోరిన్ లేని నీటితో గ్లవ్స్ తడుపుకుంటారు. పాములు, తాబేళ్లతో ప్రమాదం మనవైపుకు, వాటి ఒంటిమీద సాల్మొనెల్లా ఉండొచ్చు. బుల్లి తాబేళ్ల వల్ల పిల్లలు జబ్బుపడుతున్నారని అమెరికా ప్రభుత్వం 1975లో నాలుగు అంగుళాలలోపు డొప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడం నిషేధించింది. పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించే దాకా పాఠం పూర్తికాదు.

ఇక మాట. ‘ఇది కరుస్తుందా?’ అని ఏడేళ్ల పిల్లాడు అడుగుతాడు. కరవదని చెబితే అబద్ధం, కరుస్తుందంటే గది ఖాళీ. ‘నోరున్న ప్రాణి ఏదైనా కరవగలదు, భయపెడితేనే అంత దూరం వస్తుంది’ అని చెప్పి, పాము తలను తనవైపే ఉంచుకుని, రెండు వేళ్లతో వీపు మీద తాకనిచ్చే నేర్పు కావాలి. జువాలజీలో ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. రాస్‌వెల్ చుట్టుపక్కల ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమింగ్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ పని వైపు రావాలనుకునే అక్కడి హైస్కూలు పిల్లలకు యాంఫిబియన్ ఫౌండేషన్ నడిపే కప్పల లెక్కింపులో వాలంటీరు పని మంచి ప్రవేశద్వారం.

ఇదే పనిని తెలుగు రాష్ట్రాల్లో చేద్దామనుకుంటే ముందు చట్టం చదవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు వంటివాటిని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. పామును మెడలో వేసుకుని తీసిన రీల్‌కు లైకులు రావచ్చు, కేసు కూడా రావచ్చు. దాన్ని అనుభవంగా రెజ్యూమెలో రాసుకునేవాళ్లను అడవిశాఖ గుమ్మంలోనే ఆపేస్తే తప్పుపట్టలేం.

అవసరం మాత్రం ఇక్కడే ఎక్కువ. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2030 కల్లా ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. చీకట్లో పొలం గట్టు మీదికి టార్చి లేకుండా వెళ్లొద్దని, కాటేస్తే మంత్రగాడి దగ్గర కాదు, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రిలో తేలాలని రైతు యాసలో చెప్పగలిగేవాళ్లు కావాలి.

నేర్చుకోవడానికి దగ్గర్లోనే చోట్లున్నాయి. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలో 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ వాలంటీర్లను తీసుకుంటుంది. పాములు పట్టే ఇరుల తెగవాళ్లతో 1978లో ఏర్పడిన సహకార సంఘం ఆ ఆవరణలోనే పాముల విషం తీయడాన్ని సందర్శకులకు చూపిస్తూ వివరిస్తుంది. ఇరుల తెగకు చెందిన మాసి సదైయన్, వడివేల్ గోపాల్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇళ్లలోకి వచ్చిన పాములను కాపాడుతూ, స్కూళ్లలో అవగాహన కల్పిస్తోంది.

చదువు విషయానికొస్తే ఇంటర్‌లో బైపీసీ, తర్వాత జువాలజీతో బీఎస్సీ లేదా పశువైద్యం మామూలు దారి. ఆపైన డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చెబుతున్నాయి. సీట్లు కొద్ది, పోటీ గట్టిది. డిగ్రీలో ఉన్నవాళ్లు తొలకరి పడగానే పని మొదలుపెట్టొచ్చు. ఊరి చెరువు గట్టున కప్పల అరుపులు ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, చోటు వివరాలతో ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే జాతిని గుర్తించడంలో తెలిసినవాళ్లు సాయం చేస్తారు. రెండు మూడు వానాకాలాల రికార్డులు చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత సరుకు ఉంటుంది.