ఆ ఎర్ర బల్బు జోలికి వెళ్ళకండి

ఉక్కునగరం క్వార్టర్ల ముందు, గాజువాక సందుల్లో, మల్కాపురం కొండ వాలు మీద పాతికేళ్ళ నాటి బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను బాగున్నా మీటరు వెలుగు మసకబారుతోంది. బల్బులు తీసి ఎల్ఈడీలు వేసుకోవచ్చా అని ఈసారి చాలామంది రాశారు. వాటిలో కొన్నింటికి జవాబులు.

ప్రశ్న: మేష్టారూ, మాది 1999 మోడల్ మారుతి 800. ప్లాంటులో రిటైరయ్యాక కూడా దాన్ని అమ్మబుద్ధి కాలేదు. మీటరు సరిగా కనపడటం లేదని పోయిన నెల లోపలి బల్బులన్నీ తీయించి ఎల్ఈడీలు వేయించాను. వెలుగు బాగుంది. కానీ అప్పట్నించి బ్యాటరీ రెండుసార్లు దిగిపోయింది. డైనమో పోయింది, కొత్తది వేయాల్సిందే అంటున్నాడు ఎలక్ట్రీషియన్. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: వద్దండీ, కాస్త ఆగండి. మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించిన మాట "బల్బులన్నీ" అన్నది. మీటరులో ఉండే బల్బులన్నీ ఒక పని చేసేవి కావు. కొన్ని స్పీడు అంకెలకు వెలుగిస్తాయి. కొన్ని ప్రమాదం చెబుతాయి. ఒక్కటి మాత్రం వెలగడంతోపాటు ఇంకో పని కూడా చేస్తుంది. బ్యాటరీ బొమ్మ వెనక ఉండే ఎర్ర బల్బు అది.

తాళం తిప్పగానే ఆ బల్బు వెలుగుతుంది కదా. ఆ వెలుగుకు కారణమైన కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి, బల్బు ఫిలమెంటు గుండా నడిచి, ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ చుట్టలోకి చేరుతుంది. ఆల్టర్నేటర్ అంటే మీ ఎలక్ట్రీషియన్ డైనమో అంటున్నదే. ఆ కాస్త కరెంటుతో రోటరు అయస్కాంతం అవుతుంది. ఇంజను తిరిగేసరికి ఆ అయస్కాంతం ఆధారంగానే ఆల్టర్నేటర్ సొంతంగా కరెంటు పుట్టించడం మొదలుపెడుతుంది. అప్పుడు బల్బుకు రెండువైపులా వోల్టేజి సమానమైపోయి దీపం ఆరిపోతుంది. మీ తరం బండ్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు.

ఇప్పుడు లెక్క చూడండి. మూడు వాట్ల ఫిలమెంటు బల్బు 12 వోల్టుల మీద పావు ఆంపియరు, అంటే 250 మిల్లీ ఆంపియర్లు పోనిస్తుంది. దాని స్థానంలో పెట్టిన చిన్న ఎల్ఈడీ గుండా వెళ్ళేది సుమారు 20 మిల్లీ ఆంపియర్లే. ఆ చుక్క కరెంటుకు రోటరు మేలుకోదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, జమ ఏమీ ఉండదు. కూర్మన్నపాలెం నుంచి ఎన్ఏడీ కూడలి దాకా ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్ళే బండికి ఇది చాలు, పొద్దున్నే మొరాయించడానికి.

డైనమో మార్చే ముందు ఒక పరీక్ష చేయించండి. ఇంజను ఆన్ చేసి, ఐడిల్‌లో బ్యాటరీ రెండు కొనల మీద మల్టీమీటరు పెట్టమనండి. 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.5 దగ్గరే ఉండిపోతే, యాక్సిలరేటరు గట్టిగా ఒకసారి తొక్కండి. అంకె ఒక్కసారిగా 14 దాకా ఎగిరి, కాలు తీసినా అక్కడే నిలబడితే మీ డైనమో నిక్షేపంగా ఉంది, దాన్ని నిద్ర లేపేవాడే లేడు. పాత ఫిలమెంటు బల్బును ఆ ఒక్క చోట తిరిగి పెట్టేయండి. ఎల్ఈడీయే కావాలనుకుంటే దానికి సమాంతరంగా 50 ఓములు, కనీసం 5 వాట్ల రెసిస్టరు కలపాలి. అది వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్‌కి దూరంగా కట్టాలి. కొన్ని బండ్లలో కంపెనీయే అలాంటి రెసిస్టరు పెట్టి పంపుతుంది, వాటికి ఈ తిప్పలు లేవు. నా మాట అడిగితే ఆ బల్బును ముట్టుకోకపోవడమే మంచిది. తొక్కినా అంకె లేవకపోతే అప్పుడు డైనమో విప్పించండి.

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. మా అబ్బాయి ముచ్చటపడి నా కారు మీటరులో నీలం ఎల్ఈడీలు వేయించాడు. పగలు ఏమీ తెలియదు. రాత్రి భీమిలి నుంచి బీచ్ రోడ్డు మీద వస్తుంటే మాత్రం అంకెల చుట్టూ పొగలా కనిపిస్తోంది, రోడ్డు కూడా నల్లగా అయిపోతోంది. కంటి డాక్టరుకు చూపించుకోవాలా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: చూపించుకోండమ్మా, ఆ వయసుకి ఏడాదికోసారి తప్పనిసరి. శుక్లం మొదలైతే ఇలాంటి పొగ ఎక్కువగా తెలుస్తుంది. కానీ తప్పంతా మీ కంటిది కాదు.

నీలం వెలుగు మిగతా రంగులు కుదిరిన చోట కుదరదు. కంటి కటకం దాన్ని రెటీనాకు కొంచెం ముందే కేంద్రీకరిస్తుంది. అందుకే నీలం అక్షరాల అంచులు ఎవరికైనా కాస్త చెదిరినట్టు ఉంటాయి. వయసుతో కటకం పసుపుబారేకొద్దీ లోపల వెలుగు చిందడం ఎక్కువవుతుంది. పైగా చీకటికి అలవాటుపడ్డ కన్నును నీలం వెలుగు చెదరగొట్టినంతగా ఎరుపు చెదరగొట్టదు. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని మీరు చూసే ఉంటారు. రాత్రిపూట పెరిస్కోపులోంచి బయటి చీకట్లోకి చూడాల్సినవారి కళ్ళ కోసం సబ్‌మెరైన్ల లోపల ఎర్ర దీపాలు వేసుకునే పద్ధతి చాలా దేశాల నౌకాదళాల్లో ఉండేది. ఋషికొండ దాటాక చీకటి మలుపులో రోడ్డు మీద ఆవు పడుకుని ఉందో లేదో చూడాల్సిన మనకూ కావలసింది ఆ జాగ్రత్తే.

నీలం ఎల్ఈడీ చిన్న విషయమేమీ కాదు. దాన్ని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. తెల్ల ఎల్ఈడీ పుట్టింది దానివల్లే. హుద్‌హుద్ తుపాను తర్వాత మన విశాఖ నగరంలో తొంభై వేలకు పైగా వీధి దీపాలు ఎల్ఈడీలుగా మారగలిగాయన్నా ఆ పరిశోధన పుణ్యమే. ఆ వెలుగు వీధిలో ఉండాలి. కంటికి రెండడుగుల దూరంలో రాత్రంతా ఉండకూడదు. అబ్బాయిని నొప్పించకుండా చెప్పి, వాటి చోట పాత బల్బు రంగులో ఉండే వార్మ్ వైట్ ఎల్ఈడీలు, తక్కువ వెలుగువి వేయించుకోండి.

వెలుగు తగ్గించే నాబ్ తిప్పినా తగ్గడం లేదని కింద చిన్నగా రాశారు. అదీ సహజమే. పాత బండ్లలో ఆ నాబ్ వెనక ఉండేది తీగ చుట్టిన రెసిస్టరు. ఎక్కువ కరెంటు లాగే ఫిలమెంటు బల్బుల లెక్కకు చేసినది. ఎల్ఈడీలు లాగే కొద్ది కరెంటుకు దానిలో చెప్పుకోదగ్గంత వోల్టేజి తగ్గదు. అదే లైనులో ఒక్క ఫిలమెంటు బల్బు ఉంచేస్తే నాబ్ చాలావరకు దారికి వస్తుంది.

ప్రశ్న: ఇండికేటరు ఎడమవైపు వేస్తే మీటరులో బాణం వెలుగుతోంది, కుడివైపు వేస్తే వెలగడం లేదు. బయట రెండువైపులా బాగానే కొట్టుకుంటున్నాయి. ఎల్ఈడీ వేసిన దగ్గర్నించే ఇలా.
— ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: మీ బండిలో రెండు వైపులకూ కలిపి ఒకటే సూచిక బల్బు ఉంది. అది కుడి ఎడమ లైన్ల మధ్య కట్టి ఉంటుంది. ఎడమ వేస్తే కరెంటు ఒక దిక్కుకు, కుడి వేస్తే రెండో దిక్కుకు పారుతుంది. ఫిలమెంటుకు ఏ దిక్కయినా ఒకటే, ఎల్ఈడీకి కాదు. పాత బల్బు పెట్టేయండి.

ప్రశ్న: పోర్టు దగ్గర మా ఇల్లు. పాత జెన్ కారు. మీటరు లైట్లు ఒకసారి వెలుగుతాయి, గుంత వస్తే ఆరిపోతాయి. ఎల్ఈడీలకు మారితే ఈ బాధ పోతుందా?
— ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: పోదు, పెరగొచ్చు కూడా. మీ జబ్బు బల్బులో లేదు, హోల్డరులో ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు, దానికి తోడు పోర్టు దుమ్ము. కిటికీ ఊచలకు తుప్పు పట్టించే ఆ గాలే లోపలి రాగికీ చిలుము పట్టిస్తుంది. మీటరు వెనక పలచటి ప్లాస్టిక్ షీటు మీద రాగి గీతలుంటాయి. బల్బు హోల్డరు మెలితిప్పితే దాని కొమ్ములు ఆ గీతలకు ఆనుకోవాలి. అక్కడ పచ్చటి చిలుము చేరితే ఏ బల్బు పెట్టినా అంతే.

ముందు బ్యాటరీ నెగెటివ్ కొన విప్పండి. స్పీడోమీటరు కేబులును లాగి తెంచకుండా, క్లిప్పు నొక్కి వదిలించి మీటరు బయటికి తీయండి. మీటరు ముళ్ళను వేలితో తాకొద్దు. రాగి గీతలను బడిపిల్లల పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దండి. గరుకు కాయితం పెడితే రాగే ఊడొస్తుంది. నేను ఒకసారి తొందరపడి గరుకు కాయితం వాడి, ఒక పెద్దాయన బండి షీటు పాడుచేశాను. దానికి జత దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత కాంటాక్టు క్లీనరు చల్లి ఆరనివ్వండి. హోల్డరు కొమ్ములను కాస్త పైకి లేపండి. బల్బు వెనకవైపు తెల్లరంగు గోడ పసుపు తిరిగి ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి. ఇంత చేసి కొత్త ఫిలమెంటు బల్బులే పెట్టి చూడండి. నా అనుభవంలో సగం మందికి ఎల్ఈడీ మాటే మళ్ళీ గుర్తుకు రాలేదు.

అయినా వేసుకోవాలనుకుంటే, పాత బల్బు ఒకటి చేతిలో పట్టుకుని కొట్టుకు వెళ్ళండి. పెద్ద గాజు బల్బును టీ10 అంటారు, సన్నదాన్ని టీ5 అంటారు, ఒకదాని చోట ఒకటి కూర్చోదు. ముందుకు మాత్రమే వెలుగు చిమ్మేవి కొంటే 60 దగ్గర మచ్చలా వెలిగి 100 చీకట్లో ఉంటుంది. పక్కలకు కూడా వెలుగు పంచేవి అడగండి. ఎర్ర హెచ్చరిక అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ వద్దు. తెల్ల ఎల్ఈడీలో ఎరుపు పాలు తక్కువ, ఆయిల్ దీపం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మీటరు బిగించకముందే తాళం తిప్పి అన్నీ చూసుకోండి. వెలగని ఎల్ఈడీని పారేయకండి, తీసి అటుది ఇటు తిప్పి పెడితే చాలాసార్లు వెలుగుతుంది.

ప్రశ్న: సి షిఫ్టుకి రాత్రి తొమ్మిదిన్నరకే బయల్దేరతాను. మీటరుతోపాటు హెడ్‌లైట్లకూ ఎల్ఈడీ వేసుకోనా?
— ఒక పాఠకుడు, అగనంపూడి

జవాబు: హెడ్‌లైటుకు వద్దు. మీ బండి రిఫ్లెక్టరు హాలోజన్ బల్బులో ఫిలమెంటు ఉండే చోటును బట్టి మలిచింది. ఎల్ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. హైవే మీద మీకు ఎదురయ్యే లారీ డ్రైవరు కొన్ని క్షణాలు ఏమీ చూడలేడు. రిఫ్లెక్టరు వెలిసిపోయి ఉంటే కొత్త లైటు సెట్టు వేయించండి. హోల్డరు దగ్గర ఎన్ని వోల్టులు అందుతున్నాయో కొలిపించండి. పాత స్విచ్చుల్లోనే వోల్టు, వోల్టున్నర పోతుంది, రిలే పెట్టిస్తే అదే బల్బు తెల్లగా వెలుగుతుంది.