సురవరం, బ్లోక్, నాగలి: ఒక సాంఘిక చరిత్ర పాఠం

బి.యస్సీ. చదివేవానికి చరిత్రతో ఏం పని అని మిత్రులు అడుగవచ్చు. పని వున్నది. 2025 మార్చిలో మన శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెడుతూ బిల్లు ఆమోదించింది. ఆయన పాలమూరు బిడ్డ. అయినా మా తరగతిలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు. తెలిసినవారు కూడా "పత్రిక నడిపినాయన" అని ఊరుకున్నారు. ఈ వ్యాసం అందుకే.

ముందు ఆ విశ్వవిద్యాలయం సంగతి. అది 1985 డిసెంబరు 2న ఏర్పడింది. 1998లో దానికి పొట్టి శ్రీరాములు గారి పేరు చేరింది, ఇప్పుడు సురవరం వారి పేరు వచ్చింది. భాష, సాహిత్యం, జానపదం, చరిత్ర, సంగీతం, నృత్యం, నాటకం అక్కడి చదువులు. మావంటివాళ్ళు పరీక్షనాళికలు పట్టుకొని తిరిగే ప్రయోగశాలలు అక్కడ వుండవు. మానవ విద్యల కోసమే ప్రభుత్వం ఒక విశ్వవిద్యాలయాన్ని నడపడం మనవాళ్ళకు వింతగా తోచవచ్చు గాని, ఫ్రాన్సులో అది మామూలు సంగతి. 1968 విద్యార్థి ఉద్యమం తర్వాత వచ్చిన చట్టంతో అక్కడి పాత పెద్ద విశ్వవిద్యాలయాలను చీల్చారు. స్ట్రాస్‌బూర్గ్ నగరంలో మూడు ఏర్పడినవి. విజ్ఞానశాస్త్రాల దానికి లూయీ పాశ్చర్ పేరు, న్యాయశాస్త్రం మొదలైన వాటి దానికి రాబర్ట్ షూమన్ పేరు పెట్టారు. మానవ, సామాజిక శాస్త్రాల విశ్వవిద్యాలయానికి 1998లో మార్క్ బ్లోక్ పేరు పెట్టారు. 2009లో మూడూ మళ్ళీ ఒక్కటైనవి.

పాశ్చర్ మనకు తెలుసు. పాలు కాచినప్పుడల్లా గుర్తుకు వస్తాడు. బ్లోక్ ఎవరు?

మార్క్ బ్లోక్ 1886లో పుట్టిన చరిత్రకారుడు. 1929లో స్ట్రాస్‌బూర్గ్‌లోనే లూసియెన్ ఫెవ్ర్‌తో కలిసి 'అన్నాల్' అనే పత్రిక మొదలుపెట్టాడు. రాజులు, యుద్ధాలు, సంధులు మాత్రమే చరిత్ర గాదనీ, పంటలు, ధరలు, నమ్మకాలు, ఊరి కట్టుబాట్లు కూడా చరిత్రేననీ ఆ పత్రిక పట్టుబట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన జర్మన్ ఆక్రమణను ఎదిరించే రహస్య దళంలో చేరి పట్టుబడ్డాడు. 1944 జూన్ 16న కాల్చి చంపారు.

నాకు ఆయన దగ్గరివాడుగా తోచింది నాగలి మూలంగా. ఫ్రాన్సు గ్రామీణ చరిత్ర మీద 1931లో వచ్చిన పుస్తకంలో ఆయన పొలాల ఆకారాలు చూశాడు. ఉత్తరాన పొలాలు పొడుగు పట్టీలుగా వున్నవి. దక్షిణాన చాలాచోట్ల అంత పొడుగు లేవు. ఎందుకు? ఉత్తరాన చక్రాల మీద నడిచే బరువు నాగలి. దాన్ని గెట్టు దగ్గర మళ్ళించడం కష్టం గనుక సాలు ఎంత పొడుగుంటే అంత మేలు. దక్షిణాన తేలిక నాగలి. అది మట్టిని గీస్తుందే గాని పూర్తిగా తిరగేయదు, కాబట్టి నిలువుకు ఒకసారి, అడ్డానికి ఒకసారి దున్నాలి. ఇది చదివి నేను నవ్వుకున్నాను. మా దేవరకొండ దిక్కు చెలకల్లో సాలు దున్ని ఇరువాలు దున్నేది ఇందుకే గదా! మా తాతకు ఈ కారణం ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు. అయితే బ్లోక్ అక్కడ ఆగలేదు. నాగలి ఒక్కటే కారణం కాదు, ఊరంతా కలిసి ఒక కట్టుబాటుకు లోబడి సాగుచేయడం కూడా చూడాలన్నాడు. ఒకే కారణంతో తృప్తిపడకపోవడం మా ప్రాక్టికల్స్‌లో నేర్పే గుణమే.

ఇక మన ప్రతాపరెడ్డి గారు. 1896లో ఆలంపురం దగ్గరి బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటికాలపాడు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచి, మరుసటి ఏడే కన్నుమూశారు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. అసలు పని 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది, చూడడానికి ఆయన లేరు.

ఆ పుస్తకం పద్ధతి గమనించండి. ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది రాజశాసనాల్లో అరుదు. అందుకని ఆయన కావ్యాలను సాక్ష్యానికి పిలిచారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు వుంది, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఊళ్ళ సంగతులున్నవి. కవి కథ చెప్పబోతూ తనకు తెలియకుండానే తన కాలపు వంటిల్లు చూపిస్తాడు. ఎవరినీ నమ్మించడానికి చెప్పని మాట గనుక దానికి విలువ ఎక్కువ. నమూనా ఎక్కడ తీయాలో తెలిసిన మనిషి ఆయన.

ఒక లోటు మాత్రం చెప్పాలె. కావ్యాలు రాసినవారు, రాయించుకున్నవారు ఎక్కువగా పైమెట్టు వాళ్ళు. కూలోని గటక, అంబలి వాటిలో ఎంత కనబడుతుంది? ఆ భాగం జనాన్ని అడిగి రాసుకోవలసిందే. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద, గిరిజన విజ్ఞాన పీఠం పెట్టింది ఇటువంటి పని కోసమే. మన రెండు జిల్లాల్లో ఆ పని కొండంత వుంది. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన 'పాలమూరు లేబర్' చరిత్ర ఆ ఆనకట్టల శిలాఫలకాల మీద వుండదు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళ మీద పటిక, సున్నంతో శుద్ధిచేసే 'నల్లగొండ పద్ధతి' ప్రపంచానికి తెలుసు. ఆ రసాయన చర్య నేను బోర్డు మీద రాయగలను. ఆ పటికను రోజూ కలిపి, నీళ్ళు తేరేదాకా కాచుకొని కూర్చునే ఓపిక, తీరిక ఇంట్లో ఎవరికి వున్నవి అన్నది సమీకరణంలో లేదు. అది తెలియకపోతే పద్ధతి పుస్తకంలోనే వుంటుంది.

ఇదంతా రాయడానికి సొంత కారణం కూడా ఒకటి వున్నది. మా చెల్లె ఇంటర్ అయిపోయింది, చరిత్ర చదువుతనంటున్నది. "అది కూడు పెడుతదా బిడ్డా?" అని మా నాయిన. ఆయన్ను తప్పుపట్టలేను. రెండేండ్లు కంది ఎండిపోయినోని ప్రశ్న అది. ఉద్యోగం ఖాయమని నేను చెప్పలేదు, అబద్ధమవుతుంది. ప్రతాపరెడ్డి గారి పుస్తకంలో వ్యవసాయం, తిండి వచ్చే పుటలు రెండు రాత్రులు చదివి వినిపించిన. నాయిన ఇంకా ఒప్పుకోలేదు గాని, మధ్యలో రెండుసార్లు ఆపి, ఆ పంటను మనదిక్కు ఇంకో పేరుతో పిలుస్తరని సరిచెప్పిండు. చెల్లె ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకున్నది.

ఆ నోటుబుక్కులో ఇప్పుడు నాగలి, గొర్రు, గుంటుక భాగాల పేర్లు వున్నవి. మోట దగ్గర ఆగింది. మా బాయికి మోటారు పెట్టి ముప్పై ఏండ్లు దాటింది, తాత పోయిండు. ఈ సంచిక చదివే పూర్వవిద్యార్థుల్లో మోట తోలినవారు, తోలుతుంటే చూసినవారు వుంటే, దాని భాగాల పేర్లు మీ ఊరి మాటల్లోనే ఒక కాగితం మీద రాసి, ఊరి పేరు కూడా వేసి, విద్యార్థి సంఘం గదిలో ఇవ్వగలరు.